చేతికొచ్చిన యంత్రం కూడా అమానతే!

ప్రాణభయంతో ఈజిప్టు విడిచి మద్యన్ చేరిన హజ్రత్ మూసా (అలైహిస్సలాం) అక్కడ ఒక బావి దగ్గర ఆగారు. కాపరులు తమ పశువులకు నీళ్లు పెట్టుకుంటున్నారు. ఇద్దరు ఆడపిల్లలు మాత్రం తమ మందను వెనక్కి ఆపుకుంటూ ఓ పక్కన నిలబడి ఉన్నారు. సంగతేమిటని ఆయన అడిగారు. కాపరులంతా వెళ్లేదాకా తాము నీళ్లు పెట్టలేమని, తమ తండ్రి బాగా వృద్ధుడని వాళ్లు చెప్పారు. మూసా (అ) వారి పశువులకు నీళ్లు పెట్టి, నీడకు వెళ్లి కూర్చుని తన ప్రభువును వేడుకున్నారు. కూలి మాట ఎత్తలేదు. కొంతసేపటికి ఆ ఇద్దరిలో ఒక అమ్మాయి సిగ్గుపడుతూ నడిచి వచ్చింది. చేసిన మేలుకు ప్రతిఫలం ఇవ్వడానికి తన తండ్రి రమ్మంటున్నాడని చెప్పింది. ఇంటికి వెళ్లాక ఆ ఆడపిల్లల్లో ఒకరు, ఈయన్ని పనికి పెట్టుకోమని తండ్రికి సలహా ఇచ్చింది. పనికి పెట్టుకోదగ్గవాడు బలవంతుడూ, నమ్మకస్తుడూ అయి ఉండాలన్నది ఆమె మాటలోని సారాంశం.

దివ్యఖుర్ఆన్‌లోని ‘అల్ ఖసస్’ సూరాలో ఈ వృత్తాంతం ఉంది. ఎన్నోసార్లు చదివాను, జుమా ప్రసంగాల్లోనూ విన్నాను. కానీ ఆ రెండు గుణాలు నా వృత్తికి కూడా చెందుతాయని తెలుసుకోవడానికి నాకు ఒక పెద్ద పొరపాటు చేయాల్సి వచ్చింది.

నేను గుంటూరులో కంప్యూటర్లు, ఫోన్లు బాగుచేస్తాను. దుకాణం లేదు, జీతమూ లేదు. ఎవరైనా కబురుపెడితే సంచి భుజాన వేసుకుని వాళ్లింటికే వెళ్తాను. సంచిలో స్క్రూడ్రైవర్లు, దుమ్ము దులిపే బ్రష్షు, ఒక పెన్‌డ్రైవ్, ఒక ఖాళీ హార్డ్‌డిస్క్ ఉంటాయి. పెద్ద సామాను కావలసి వస్తే సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచి తెప్పిస్తాను. ఫోన్ల విడిభాగాలకైతే హైదరాబాద్ అబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్ ఉండనే ఉంది. పిలిచేవారిలో సగానికి పైగా అరవై దాటినవారే. పిల్లలు హైదరాబాదులోనో, బెంగళూరులోనో, గల్ఫ్‌లోనో ఉంటారు. ఇంట్లో పెద్దాయనా, పెద్దామే, వారి మధ్య అర్థంకాని ఒక యంత్రమూ మిగులుతాయి.

ఆ రోజు జరిగింది

2018 వర్షాకాలంలో, పదవీ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయుడు కబురుపెట్టారు. వాడంతా ఆయన్ని మాష్టారు అంటుంది. తమ మసీదు తరఫున నడిచే వడ్డీలేని రుణాల నిధికి, అంటే కర్జె హసనాకు, ఆయనే కోశాధికారి. తోపుడుబండి మీద కూరగాయలు అమ్మేవారు, మిషను కుట్టేవారు, ఆటో నడిపేవారు నాలుగువేలో, ఐదువేలో తీసుకుని నెలనెలా కొంత తిరిగి కట్టే నిధి అది. వడ్డీ వ్యాపారుల గుమ్మం తొక్కకుండా ఎన్నో ఇళ్లను అది కాపాడుతోంది. ఆ లెక్కలన్నీ మాష్టారు తన పాత కంప్యూటర్‌లో రాసుకునేవారు.

కంప్యూటర్ ఆన్ చేస్తే పావుగంట దాకా తెర రావడంలేదు. విండోస్ పాడైందని చూడగానే తెలిసింది. మొత్తం తుడిచేసి కొత్తగా ఎక్కించాలి. “మాష్టారూ, దీంట్లో ముఖ్యమైనవి ఏమైనా ఉన్నాయా?” అని అడిగాను.

“నా లెక్కలన్నీ డి డ్రైవ్‌లో ఉన్నాయి బేటా. దానిని మాత్రం ముట్టుకోకు” అన్నారాయన.

డి డ్రైవ్ తెరిచి చూశాను. ‘నిధి లెక్కలు’ అన్న పేరు కనిపించింది. సరేననుకుని సి డ్రైవ్‌ను ఫార్మాట్ చేసి, కొత్త విండోస్ ఎక్కించి, ఆఫీస్ సాఫ్ట్‌వేర్ వేసి, మగ్రిబ్ వేళకు లేచాను. వెళ్లేముందు ఒకసారి చూసుకుంటానని మాష్టారు ఆ పేరు మీద నొక్కారు. ఏమీ తెరుచుకోలేదు.

అప్పుడు నాకు వెన్ను జలదరించింది. డి డ్రైవ్‌లో ఉన్నది లెక్కల ఫైలు కాదు, ఆ ఫైలుకు దారి చూపించే షార్ట్‌కట్. అంటే అది ఇంటి చిరునామా రాసిన చీటీ మాత్రమే. అసలు ఇల్లు డెస్క్‌టాప్ మీద ఉంది. డెస్క్‌టాప్ మీద కనిపించేవన్నీ మామూలుగా సి డ్రైవ్‌లోనే నిలువ ఉంటాయి. ఆ సి డ్రైవ్‌ను నేనే తుడిచేశాను. షార్ట్‌కట్ బొమ్మ మూలన చిన్న బాణం గుర్తు ఉంటుంది. దానిని గమనించి ఉంటే చాలు. లేదా ఆ ఫైలును ఒక్కసారి తెరిచి చూసినా చాలు. నేను చూడలేదు.

ఒక్క అబద్ధం చాలు

మాష్టారు నా ముఖం వైపు చూస్తున్నారు. ఆ క్షణంలో నా మనసులో ఏం మెదిలిందో దాచుకోకుండా రాస్తాను. “మీ హార్డ్‌డిస్క్ ముందే పాడైపోయింది మాష్టారూ, నేను వచ్చేసరికే ఫైళ్లు పోయాయి” అన్న వాక్యం నాలుక చివరకు వచ్చింది. ఆ మాట అంటే ఆయన నమ్మేవారు. కమిటీ నమ్మేది. నా తప్పును కనిపెట్టగలిగినవాడు ఆ వాడలో మరొకడు లేడు.

మా వృత్తిలోని ప్రమాదం ఇక్కడే ఉంది. చెప్పు కుట్టినవాడి పని కుట్టించుకున్నవాడికి కంటికి కనిపిస్తుంది. వడ్రంగి చేసిన తలుపు సరిగా పడుతుందో లేదో ఇంటావిడే చెప్పగలదు. కంప్యూటర్ లోపల జరిగింది మాత్రం బాగుచేసినవాడికీ, అల్లాహ్‌కూ తప్ప ఇంకెవరికీ తెలియదు. ‘మదర్‌బోర్డు పోయింది’ అని చెప్పి, ఐదు నిమిషాల్లో సరిచేసే లోపానికి వేలు గుంజవచ్చు. కాపీ డిస్‌ప్లే వేసి ఒరిజినల్ ధర తీసుకోవచ్చు. పెద్దవారైతే అడగరు, అడిగినా సమాధానం అర్థంకాదు.

మహాప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఒకసారి బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టారు. పైన పొడిగా ఉన్న ధాన్యం లోపల తడిగా తగిలింది. వానకు తడిసిందని వర్తకుడు చెప్పాడు. తడిసినదానిని జనానికి కనిపించేలా పైన ఎందుకు ఉంచలేదని ఆయన ప్రశ్నించారు. మోసగించేవాడు తనవాడు కాడని హెచ్చరించారు. సహీహ్ ముస్లిం గ్రంథంలోని హదీసు ఇది. ఆ సాయంత్రం నా ముందున్న రాశి కూడా పైకి పొడిగానే కనిపిస్తోంది. లోపలి తడి నాకే తెలుసు.

“మాష్టారూ, తప్పు నాదే. మీ లెక్కలు నా చేతిమీదుగా పోయాయి” అని చెప్పాను.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “నా డబ్బు కాదు కదా బేటా. జనం సొమ్ము. రేపు కమిటీకి ఏమని చెప్పను?” అన్నారు. తిట్టినా అంత బాధ కలిగేది కాదు.

పది రోజుల శ్రమ

ఫార్మాట్ చేసినంత మాత్రాన హార్డ్‌డిస్క్‌లోని సమాచారం వెంటనే చెరిగిపోదు. పుస్తకంలో విషయసూచిక చింపేసినట్టు అవుతుంది, పేజీలు ఉంటాయి. అయితే కొత్త సమాచారం వచ్చి ఆ పేజీల మీదే కూర్చుంటుంది. అందుకే ఫైలు పోయిందని తెలిసిన మరుక్షణం ఆ యంత్రాన్ని వాడడం ఆపేయాలి. ఇప్పుడు విరివిగా వస్తున్న ఎస్.ఎస్.డి.లలో ఈ అవకాశం కూడా చాలా తక్కువ. తుడిచిన చోటును అవి తమంతట తామే ఖాళీ చేసుకుంటాయి.

మాష్టారుది పాత రకం హార్డ్‌డిస్క్ కావడం నా అదృష్టం. దానిని విప్పి, ఇంకో కంప్యూటర్‌కు తగిలించి, రెండు రాత్రులు వెతికాను. లెక్కల ఫైలు దొరికింది గానీ అది ఏడు నెలల కిందటి ప్రతి. కొత్తదాని మీద విండోస్ వచ్చి కూర్చుంది.

ఆ ఏడు నెలల లెక్కను రసీదు పుస్తకాలు, అప్పు పత్రాలు ముందేసుకుని మళ్లీ కట్టడం మొదలుపెట్టాం. రోజూ అసర్ నమాజు తర్వాత మాష్టారు ఒక్కొక్క రసీదు చదివేవారు, నేను ఎక్కించేవాణ్ణి. కొన్ని పత్రాలు చెదలు తిన్నాయి. జుమా రోజున కమిటీ పెద్దలు జరిగినదంతా జనానికి చెప్పి, ఎవరి లెక్క వారు వచ్చి సరిచూసుకోమన్నారు. తప్పు చేసినవాడిగా నేనూ అక్కడే నిలబడ్డాను.

మరునాడు మిషను కుట్టే ఒక ఆడమనిషి మాష్టారి గుమ్మంలోకి వచ్చింది. “మాష్టారూ, నేను తీసుకున్న నాలుగువేలు మీ కాగితాల్లో ఉన్నాయా?” అని అడిగింది. వెతికాం. ఎక్కడా లేవు. ఆమె పత్రం చెదల పాలైనవాటిలో ఉండి ఉంటుంది. “లేకపోతే ఏం, ఇవ్వాల్సింది నేనే కదా. రాసుకోండి” అని తానే తేదీ చెప్పి, కట్టిన వాయిదాలు చెప్పి వెళ్లింది. కాగితం లేదు, సాక్షి లేడు, అయినా ఆమె వచ్చి చెప్పింది. తప్పు జరిగిన ఆ సాయంత్రం ఒక అబద్ధం కోసం తడుముకున్న నా నాలుక గుర్తొచ్చి తలదించుకున్నాను.

పదో రోజుకు లెక్క తేలింది. మూడు ప్రతులు తీశాం. ఒకటి కంప్యూటర్‌లో, ఒకటి పెన్‌డ్రైవ్‌లో, ఒకటి కాగితం మీద అచ్చు తీసి కమిటీ బీరువాలో పెట్టాం.

“అడగడం మానేశాను”

ఆ పది రోజుల్లో ఒకసారి, “ఇంత ముఖ్యమైనదానికి నకలు ఎందుకు తీసిపెట్టుకోలేదు మాష్టారూ?” అని అడిగాను.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ చెప్పారు. “ఎలా తీయాలో అబ్బాయిని ఫోన్‌లో అడిగాను. వాడు చెప్పాడు. అర్థంకాక మళ్లీ అడిగాను. మూడోసారి అడిగితే, ‘ఎన్నిసార్లు చెప్పాలి అబ్బా! మీకు అర్థంకాదులెండి’ అన్నాడు. పనిలో ఉన్నాడేమో పాపం. ఆ తర్వాత అడగడం మానేశాను.”

ముప్పయ్యేళ్లపాటు ఇతరుల పిల్లలకు ఎక్కాలు నేర్పిన మనిషి ఆయన. ఒక్కొక్కరికీ ఎన్నెన్నిసార్లు చెప్పి ఉంటారో! తల్లిదండ్రులు ముసలితనానికి చేరితే వారిముందు విసుగుతో ‘ఉఫ్’ అని కూడా అనకూడదని ‘బనీ ఇస్రాయీల్’ సూరాలో అల్లాహ్ ఆదేశించాడు. వృద్ధులకు అన్నం పెట్టకపోవడాన్ని మనం పాపమనుకుంటాం. ఫోన్‌లో ఒక మీట ఎక్కడుందో మూడోసారి అడిగినప్పుడు మన నోటినుంచి వచ్చే నిట్టూర్పును మాత్రం పాపంగా లెక్కించం. ఈ కాలపు ‘ఉఫ్’ ఎక్కువగా ఫోన్ దగ్గరే వినిపిస్తోంది.

పెద్దవారు ఫోన్ సరదాకోసం అడగడంలేదు. బతుకు తెరువు అందులోకి వెళ్లిపోయింది. పింఛను పుచ్చుకునేవారు బతికి ఉన్నామని ఏటా రుజువు చూపించాలి. దీనికోసం 2014 నవంబరులో ‘జీవన్ ప్రమాణ్’ అనే డిజిటల్ ధ్రువపత్రం వచ్చింది. వేలిముద్రలు అరిగిపోయినవారికి 2021 నుంచి ముఖం చూపించే పద్ధతి కూడా ఉంది. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులు నవంబరులోనూ, ఎనభై ఏళ్లు దాటినవారు అక్టోబరు 1 నుంచీ సమర్పించవచ్చు. హజ్ యాత్రికుల కోసం 2024 మార్చిలో ‘హజ్ సువిధ’ యాప్ వచ్చింది. మదీనాలో మస్జిదె నబవీలోని రియాజుల్ జన్నాలో నమాజు చేసుకోవాలంటే సౌదీ వారి ‘నుసుక్’ యాప్‌లో ముందుగా అనుమతి తీసుకోవాలి. జీవితమంతా పైసాపైసా కూడబెట్టి అక్కడిదాకా వెళ్లిన అమ్మీ, ఫోన్‌లో మీట నొక్కడం రాక బయటే నిలబడితే ఆ లోటు ఎవరిది?

మద్యన్ బావి దగ్గర పక్కన నిలబడినవారు నాకు గుర్తొచ్చేది ఇక్కడే. బావిలో నీళ్లున్నాయి. బలమున్నవారు తోడుకుంటున్నారు. వృద్ధుడి ఇంటివారు మాత్రం తమ వంతు ఎప్పుడొస్తుందా అని చూస్తున్నారు.

మౌనం వెనకే మోసగాడు

ఇంట్లో అడగడం మానేసినవారు బయటివాడు తీయగా మాట్లాడితే నమ్ముతారు. “అంకుల్, మీ కె.వై.సి. ఆగిపోయింది, నేను సరిచేస్తాను” అనే గొంతులో కొడుకు గొంతులో లేని ఓపిక ఉంటుంది. మోసగాడి పెట్టుబడి ఆ ఓపికే. అందుకని ఈ నాలుగు సంగతులు ప్రతి ఇంట్లో పెద్దవారికి నెమ్మదిగా చెప్పి, కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించండి.

మొదటిది: యు.పి.ఐ. పిన్ డబ్బు పంపడానికే. డబ్బు రావడానికి పిన్ కొట్టాల్సిన పనిలేదు. ‘మీకు డబ్బు వేస్తాం, పిన్ నొక్కండి’ అన్నవాడు దొంగ.

రెండోది: పోలీసులమనీ, సి.బి.ఐ. అనీ వీడియోకాల్ చేసి ‘మిమ్మల్ని డిజిటల్ అరెస్టు చేశాం, గది దాటకండి’ అని బెదిరిస్తారు. మన చట్టంలో అలాంటి అరెస్టు లేనేలేదు. 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగంలో కూడా ఈ విషయమే హెచ్చరించారు. ఫోన్ పెట్టేసి పక్కింటివారిని పిలవాలి.

మూడోది: పెళ్లి శుభలేఖ అనో, జరిమానా చలానా అనో వాట్సాప్‌లో వచ్చే ఎ.పి.కె. ఫైళ్లను తెరవకూడదు. అవి కాగితాలు కావు, ఫోన్‌లో చొరబడే యాప్‌లు. తెర చూపించమని అడిగి ఎవరైనా ఏదైనా యాప్ వేసుకోమన్నా వేసుకోకూడదు.

నాలుగోది: డబ్బు పోయిందని తెలిస్తే సిగ్గుపడి దాచుకోకూడదు. వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయాలి. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లోనూ ఫిర్యాదు చేయవచ్చు. ఎంత త్వరగా చెబితే ఆ సొమ్మును దారిలోనే ఆపే అవకాశం అంత ఎక్కువ. గంటలు గడిస్తే అది చేతులు మారిపోతుంది. కాబట్టి పెద్దవారు మనతో భయం లేకుండా చెప్పుకునే వాతావరణం ఇంట్లో ఉండాలి. తిడతారని భయపడే తండ్రి ఆ విలువైన గంటను మౌనంగా పోగొట్టుకుంటాడు.

ఫోన్ ఇచ్చినవాడు ఇంటి తాళం ఇచ్చినట్టే

ఈ పనిలోకి రావాలనుకునే యువకులకు నా అనుభవం నుంచి కొన్ని మాటలు.

పరాయి ఇంట్లోకి అనుమతి అడిగి, సలాం చెప్పిన తర్వాతే అడుగుపెట్టాలని ‘అన్నూర్’ సూరా మనకు నేర్పింది. ఇతరుల గుట్టు వెదకరాదని ‘హుజురాత్’ సూరా ఆజ్ఞాపించింది. నేటి మనిషి ఇల్లు అతని ఫోన్‌లో ఉంది. ఆడవారి ఫొటోలు, బాకీల మాటలు, వైద్యుడి చీటీలు, అన్నదమ్ముల తగాదాలు అన్నీ అందులోనే ఉంటాయి. డిస్‌ప్లే మార్చడానికి ఇచ్చిన ఫోన్‌లో ఫొటోలు తెరవాల్సిన అవసరం లేదు. పాస్‌వర్డు నోటితో చెప్పమనకండి, వారిచేతనే కొట్టించండి. పొరపాటున కంటబడిన సంగతి మీ దగ్గరే సమాధి కావాలి. సాటివారి లోపాన్ని కప్పిపుచ్చినవారి లోపాలను ప్రళయదినాన అల్లాహ్ కప్పిపుచ్చుతాడని ప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు.

తుడిచేముందు నకలు తీయండి. తీసిన నకలును తెరిచి చూడండి. పెద్దవారు ‘అంతా ఫలానా చోట ఉంది’ అంటే వారు అబద్ధం చెప్పరు గానీ, పొరబడవచ్చు. పని ముగిశాక మీ దగ్గర ఉన్న నకలును వారిముందే చెరిపేయండి. పాత ఫోన్, పాత హార్డ్‌డిస్క్ అమ్మేవారికి అందులోని సమాచారం పూర్తిగా తుడిచి ఇవ్వండి. నాకు మేలు చేసిన గుణమే, అంటే చెరిపినా లోపల మిగిలి ఉండడమే, దొంగ చేతిలో పడితే కీడు చేస్తుంది.

అక్కరలేని ఖర్చు పెట్టించకండి. నెమ్మదించిన పాత కంప్యూటర్‌కు చాలాసార్లు ఎస్.ఎస్.డి. వేసి, కాస్త ర్యామ్ పెంచితే ఇంకొన్నేళ్లు నడుస్తుంది. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. చాలా పాత యంత్రాలకు విండోస్ 11 ఎక్కదు. ఉత్తరాలు రాసుకోవడానికీ, ఖుర్ఆన్ పారాయణం వినడానికీ ఉచితంగా దొరికే లినక్స్ చాలని చెప్పండి. బ్యాంకు పనులు చేసుకునేవారికి మాత్రం పాతదానితోనే ఉండడంలోని ప్రమాదాన్ని వివరించండి. ఉబ్బిన బ్యాటరీ కనిపిస్తే ఛార్జింగు పెట్టనివ్వకండి, అది అంటుకునే ప్రమాదముంది. వేసింది కాపీ సామానైతే కాపీ అనే చెప్పి, ఆ ధరే తీసుకోండి.

ఒంటరి ఆడవారి ఇంటికి పిలుపు వస్తే వారి కొడుకో, పొరుగింటి పెద్దామో ఉన్న వేళ చూసి వెళ్లండి. ఈ పని ఆడపిల్లలు నేర్చుకుంటే ఇంకా మేలు. మా వీధిలో డిగ్రీ చదివే ఒక అమ్మాయికి ఫోన్ పనులు నేర్పాం. ఖాలాలు, నానీలు నన్ను అడగడానికి మొహమాటపడేవన్నీ ఆమెను అడుగుతున్నారు. చదువుకునే ఖర్చులకు నాలుగు రాళ్లు ఆమెకూ వస్తున్నాయి.

కూలి సంగతి

పెద్దవారి దగ్గర డబ్బు పుచ్చుకోవచ్చా అని కొందరు అడుగుతారు. మద్యన్ వృద్ధుడు మూసా (అ) గారిని పిలిపించింది కూలి ఇవ్వడానికే కదా! హజ్రత్ దావూద్ (అ) తన చేతి కష్టంతోనే తినేవారని ప్రవక్త (స) మెచ్చుకున్నారు. పనివాడి చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్నారు. కాబట్టి కష్టానికి తగ్గ కూలి పుచ్చుకోవడంలో తప్పులేదు. అయితే ఎంతో ముందే చెప్పాలి. లోపం ఏమిటో చూశాక, విప్పకముందే చెప్పాలి. బాగుకాకపోతే చూసినందుకు ఎంత తీసుకుంటారో అదీ చెప్పాలి.

పిలిచినవారు కూడా గమనించాలి. ‘మనవాడే కదా, మన మసీదు పిల్లాడే కదా’ అని రెండు గంటలు పని చేయించుకుని టీ ఇచ్చి పంపితే ఆ పిల్లాడి ఇల్లు గడవదు. చిన్నవారి పట్ల దయ, పెద్దవారి పట్ల గౌరవం చూపనివారు తమలోని వారు కారన్న ప్రవక్త (స) హెచ్చరికలో రెండు వైపులా ఉన్నాయి.

ఉన్నవారి దగ్గర కూలి తీసుకుంటాను, లేనివారి దగ్గర దుఆ తీసుకుంటాను. ఎవరికి ఉందో, ఎవరికి లేదో అడిగి అవమానించను.

చేసిపెట్టడం కాదు, నేర్పించడం

నిధి లెక్కలు తేలిన తర్వాత, ప్రతి ఆదివారం అసర్ నుంచి మగ్రిబ్ దాకా మసీదు వరండాలో కూర్చుంటున్నాను. పెద్దవారు ఫోన్లు పట్టుకుని వస్తారు. అక్కడ నేను నేర్చుకున్న సూత్రం ఒక్కటే: ఫోన్ వారి చేతిలోనే ఉండాలి. నా చేతిలోకి తీసుకుని చకచకా నొక్కేస్తే ఆ పని అవుతుంది గానీ, మరో వారానికి మళ్లీ వస్తారు. వేలు వారిదైతేనే పని వారికి వస్తుంది.

ముందుగా అక్షరాలు పెద్దవి చేయించండి. భాష తెలుగో, ఉర్దూనో పెట్టించండి. టైపు కొట్టలేనివారికి మాటతో రాసే పద్ధతి చూపండి. ఒక రోజుకు ఒక్క పనే నేర్పండి. అంచెలన్నీ వారిచేతనే నోటుపుస్తకంలో రాయించండి. పదోసారి అడిగినా మొదటిసారి అడిగినట్టే జవాబివ్వండి. మనకు అలిఫ్, బే నేర్పినప్పుడు వాళ్లు ఎన్నిసార్లు చెప్పారో మనకు గుర్తులేదు గానీ, వారికి గుర్తుంటుంది.

మాష్టారు ఇప్పుడు ఆ వరండాలో నా పక్కనే కూర్చుంటారు. నకలు తీయడం ఎలాగో కొత్తగా వచ్చినవారికి ఆయనే నేర్పుతారు. షార్ట్‌కట్ మూలనుండే చిన్న బాణం గుర్తును వేలితో చూపించి, “ఇది చూశారా, మా బేటా దీన్ని చూడక మాచేత పది రోజులు రసీదులు చదివించాడు” అని నవ్వుతారు. నేనూ నవ్వుతాను. ఆ నవ్వులో నాకొక హెచ్చరిక కూడా ఉంది.

ఈ రోజు జుమా నమాజు ముగించుకుని ఇంటికి వెళ్లాక, మీ ఇంట్లోని పెద్దవారి పక్కన ఒక పావుగంట కూర్చోండి. “ఫోన్‌లో మీకు అర్థంకానిది ఏదైనా ఉందా?” అని మీరే అడగండి. వారు అడగడం ఎప్పుడో మానేసి ఉండవచ్చు.

మన చేతులకు నైపుణ్యాన్నీ, మన మనసులకు నమ్మకాన్నీ, మన నాలుకలకు ఓర్పునూ అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.